సాగనంపడం తెలిసిన హోటల్: ఆతిథ్య వ్యాపారంలో గుర్తింపు ఎక్కడ తయారవుతుంది?

హైదరాబాద్ పాతబస్తీలో, చార్మినార్‌కు సుమారు 5 కిలోమీటర్ల దూరాన గుట్ట మీద ఉన్న ఫలక్‌నుమా ప్యాలెస్‌లో బస చేయడానికి వచ్చినవారి కారు గేటు దగ్గరే ఆగిపోతుంది. అక్కడి నుంచి పైకి గుర్రపు బగ్గీలో తీసుకెళ్తారు. బగ్గీ దిగి మెట్లెక్కుతుంటే పైనుంచి గులాబీ రేకులు రాలతాయి. ఇదంతా కొద్ది నిమిషాల వ్యవహారమే అయినా ఆ కొద్దిసేపట్లో జరిగే పని పెద్దది. ఫలక్‌నుమా చేరడానికి ఇరుకు వీధులు, హారన్లు, ఆటోల మధ్య నుంచి రావలసిందే. ఆ వేగంలో ఉన్న మనిషిని నేరుగా రిసెప్షన్ బల్ల ముందు నిలబెట్టి గుర్తింపు కార్డు అడిగితే, అతడు ఊరు వదిలి ఇంకోచోటికి వచ్చానని అనుకోడు. గుర్రం నడక ఆ వేగాన్ని తగ్గిస్తుంది. కిందనున్న నగరం మెల్లగా దూరమవడం కంటికి కనిపిస్తుంది. హోటల్ ఇచ్చే మొదటి సేవ గది కాదు, ఈ నెమ్మదే.

ఆ బగ్గీ అక్కడ ఎబ్బెట్టుగా ఉండకపోవడానికి కారణం ఆ భవనం చరిత్రలో ఉంది. 1884లో దీనికి పునాది వేసిన సర్ వికారుల్ ఉమ్రా నిజాంల కొలువులోని పాయిగా ప్రభువుల వంశీకుడు, తర్వాతి కాలంలో హైదరాబాద్ సంస్థానానికి ప్రధాని. ఖర్చు ఆయన శక్తిని మించిపోయింది. చివరకు భవనం ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ చేతికి వెళ్లింది. నిజాం నివాసం పురానీ హవేలీ. ఫలక్‌నుమాను ఆయన ప్రధానంగా రాచ అతిథుల విడిదిగా వాడుకున్నారు. 101 మంది ఒకేసారి కూర్చోగల భోజనపు బల్ల అక్కడ ఉంది. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ బస చేసిన తర్వాత చాలా దశాబ్దాలు తలుపులు మూసుకునే ఉన్నాయి. నిజాం వంశపు కోడలు యువరాణి ఎస్రా పర్యవేక్షణలో తాజ్ సంస్థ దాదాపు పదేళ్లు మరమ్మతులు, పునరుద్ధరణ జరిపి 2010 నవంబరులో దాన్ని హోటల్‌గా తెరిచింది. అంటే ఈ హోటల్ ఒక రాజు ఇంటిని అద్దెకివ్వడం లేదు. విడిది కోసం వాడిన భవనాన్ని మళ్లీ విడిదిగానే వాడుతోంది. చేస్తున్న పనికీ కట్టడానికీ మధ్య ఇంత నిజమైన పొత్తు కుదరడం అరుదు, ఫలక్‌నుమా బలం షాండ్లియర్ల కంటే ఎక్కువగా ఇందులోనే ఉంది.

గులాబీ రేకులను మాత్రం ఎవరైనా కొనవచ్చు. ఇప్పుడు మోస్తరు పట్టణాల ఫంక్షన్ హాళ్లలోనూ రేకులు చల్లుతున్నారు, బగ్గీలు అద్దెకు దొరుకుతున్నాయి, తలపాగా చుట్టిన ద్వారపాలకులు నమస్కరిస్తున్నారు. అయినా ఆ హాళ్లలో ఏ ఒక్కదాని పేరూ ఆ రేకుల వల్ల ఎవరికీ గుర్తుండదు. ఆతిథ్య వ్యాపారంలో అనుభవాన్ని తీర్చిదిద్దడం అన్నప్పుడు చాలామంది యజమానుల ఆలోచన లోగో, లాబీలో సువాసన, గోడ రంగు, సిబ్బంది యూనిఫాం దగ్గర మొదలై అక్కడే ఆగిపోతుంది. అవి అనవసరం కావు. కానీ వాటిని పక్క వీధి హోటల్ ఆరు నెలల్లో నకలు చేయగలదు. నకలుకు లొంగనివి వేరే ఉన్నాయి: ఆ చోటుకు సంబంధించిన నిజం, ఆ సంస్థ దేన్ని వద్దనుకుందన్న సంగతి, అందరికంటే తక్కువ జీతం తీసుకునే ఉద్యోగికి అది ఇచ్చిన అధికారం, అతిథిని పంపించే తీరు. ఒక హోటల్ పేరు నిలబడేదీ పడిపోయేదీ వీటి దగ్గరే.

ఈ వ్యాపారంలో మొదటి నుంచీ ఒక ఇబ్బంది ఉంది, దాన్ని దాటవేసి మాట్లాడితే మిగతా చర్చ గాలిలో తేలిపోతుంది. అతిథి అనే మాటకు తిథి చెప్పకుండా వచ్చినవాడని పెద్దలు చెప్పే అర్థం. హోటల్‌కు వచ్చేవాడు తిథి, వారం, గంట ముందే చెప్పి, డబ్బు కట్టి వస్తాడు. ఇంటికి వచ్చినవాడికి పెట్టే అన్నంలో లెక్క ఉండదు, హోటల్లో ప్రతి ముద్దకూ లెక్క ఉంటుంది. అందుకే 'మీ ఇల్లే అనుకోండి' అనే ప్రకటన చాలాసార్లు బోలుగా వినిపిస్తుంది. ఇల్లు కాదని ఇద్దరికీ తెలుసు. డబ్బు తీసుకుంటూనే లెక్కకు అందని మర్యాదను ఎలా నిలబెట్టాలన్నది ఈ వృత్తిలోని అసలు సమస్య. దాన్ని నిజాయితీగా ఎదుర్కొన్న సంస్థలు అతిథికి 'ఇల్లు' అని అబద్ధం చెప్పవు. ఇంట్లో దొరకనిది ఏమిస్తాయో, ఎంతకిస్తాయో స్పష్టంగా చెప్పి, చెప్పినదానికి మించి కొంచెం చేస్తాయి.

తెలుగువారికి ఈ స్పష్టత కొత్త కాదు. కాకతీయుల ఓరుగల్లును కళ్లకు కట్టే పాత వీధినాటకం క్రీడాభిరామంలో ఒక పూటకూటి ఇల్లు ప్రస్తావనకు వస్తుంది. కర్పూరభోగి బియ్యపు అన్నం, గోధుమపిండి వంట, గుప్పెడు పంచదార, కొత్తగా కాచిన ఆవునెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, నాలుగైదు నంజుళ్లు, గడ్డపెరుగు, ఇవన్నీ లక్ష్మణ వజ్ఝల ఇంట ఒక రూకకు దొరుకుతాయని ఆ పద్యం చెబుతుంది. ఎవరిల్లు, ఏం పెడతారు, ఎంత తీసుకుంటారు అన్న మూడూ నాలుగు పాదాల్లో ఇమిడిపోయాయి. నెయ్యి కొత్తగా కాచినదన్న ఒక్క వివరం ఆ ఇంటి పట్టింపును చెబుతుంది, పెరుగు గడ్డకట్టినదన్న మాట దాన్ని బలపరుస్తుంది. ఇవాళ బ్రాండ్ అని పిలిచేదానికి ఇంతకంటే పొందికైన నమూనా దొరకడం కష్టం. అక్కడ పేరు మోసింది వీధో సత్రమో కాదు, మాట నిలబెట్టుకున్న ఒక మనిషి ఇల్లు.

ఒక మనిషి ఇంటి మాట ఆ ఇంటి వరకే నిలుస్తుంది. అదే మాటను వందల ఊళ్లలో నిలబెట్టాలంటే మరో రకం ఆలోచన కావాలి, ఇరవయ్యో శతాబ్దంలో ఆ ఆలోచన అమెరికా రహదారుల మీద పుట్టింది. 1951 వేసవిలో మెంఫిస్ నగరానికి చెందిన కెమన్స్ విల్సన్ అయిదుగురు పిల్లలతో వాషింగ్టన్ యాత్రకు వెళ్లాడు. దారిలోని మోటళ్లలో శుభ్రత ఒక్కోచోట ఒక్కోలా ఉండేది, పైగా పిల్లల తలకింతని అదనంగా వసూలు చేశారు. మరుసటి ఏడాది, 1952లో, మెంఫిస్‌లో ఆయన మొదటి హాలిడే ఇన్ తెరిచాడు. తల్లిదండ్రుల గదిలో పడుకునే పిల్లలకు అదనపు రుసుము లేదన్నది అందులో ఒక నియమం. తర్వాతి కాలంలో ఆ సంస్థ ఊహించనిదేదీ ఎదురుకాకపోవడమే గొప్ప విశేషమన్న అర్థంలో ప్రకటనలు ఇచ్చుకుంది. అనుభవం అంటే ఆశ్చర్యపరచడమేనని నమ్మేవారికి ఇది మింగుడుపడదు. కానీ రాత్రి పదకొండుకు విజయవాడ బస్టాండులో దిగి, ఉదయం ఎనిమిదికి డాక్టర్ల దగ్గరకు వెళ్లవలసిన మెడికల్ రెప్రజెంటేటివ్‌కు కావలసింది గులాబీ రేకులు కాదు. తడి లేని తువ్వాలు, వేడినీళ్లు, తెల్లవారుజామున టీ, జీఎస్టీ నంబరుతో సరైన బిల్లు, ఈ నాలుగూ ప్రతిసారీ దొరకడమే అతడికి గౌరవం. అతడి అవసరాన్ని తెలుసుకుని తీర్చిన లాడ్జి తన మేర అర్థవంతమైన అనుభవాన్నే ఇస్తోంది.

ఒకే సంస్థ రెండు రకాల మాటలూ ఇవ్వదలిస్తే పేర్ల విషయంలో చిక్కు వస్తుంది. తాజ్ హోటళ్లను నడిపే ఇండియన్ హోటల్స్ కంపెనీ అనుభవమే దీనికి మంచి ఉదాహరణ. 2004లో తక్కువ ధర హోటల్‌ను బెంగళూరులో మొదలుపెట్టినప్పుడు దానికి తాజ్ పేరు పెట్టలేదు. ఇండివన్ అని పిలిచి, తర్వాత జింజర్‌గా మార్చింది. మధ్యతరహా హోటళ్లకు వివాంతా, గేట్‌వే అనే పేర్లు వచ్చాయి. 2017లో ఆ మధ్యతరహా పేర్లను తీసేసి, వాటిని తాజ్ అన్న ఒక్క పేరు కిందికి తేవాలని నిర్ణయించారు. ఆ నిర్ణయం ఎక్కువకాలం నిలవలేదు. కొత్త యాజమాన్యం వచ్చాక 2018 నుంచి పేర్లను మళ్లీ విడదీశారు, వివాంతాను తిరిగి తెచ్చారు, 2019లో సెలెక్షన్స్ అనే మరో పేరు చేర్చారు. బోర్డు మీద ఒకే పేరున్నా రాజమహలులోనూ విమానాశ్రయం పక్కనున్న బిజినెస్ హోటల్లోనూ దొరికేది ఒకటే కాదు. ఎక్కడ ఏ మాట వర్తిస్తుందో అతిథికి తెలియనప్పుడు పేరు విలువ పెరగడానికి బదులు తరుగుతుంది. విస్తరణ మోజులో ఉన్న తెలుగు రాష్ట్రాల రెస్టారెంట్ సంస్థలు, ముఖ్యంగా ఒక బిర్యానీ పేరుతో టిఫిన్ సెంటరు నుంచి బేకరీ దాకా తెరుస్తున్నవి, ఈ ఘట్టాన్ని శ్రద్ధగా చూడాలి.

పేరుకు అర్థం తెచ్చేవాటిలో తిరస్కారం ఒకటి. కేరళకు చెందిన సీజీహెచ్ ఎర్త్ సంస్థ దీన్ని మిగతావారికంటే ముందే పట్టుకుంది. 1957లో కొచ్చిలోని విల్లింగ్డన్ ద్వీపంలో కాసినో హోటల్‌గా మొదలైన ఈ సంస్థ 1980ల చివర్లో లక్షద్వీప్‌లోని బంగారం అనే దీవిలో రిసార్టు నడిపే అవకాశాన్ని దక్కించుకుంది. ఏసీ, టీవీ లేకుండా దాన్ని నడిపింది. అప్పట్లో ఖరీదైన విడిది అంటే ఆ రెండూ ఉండి తీరాలన్నది లెక్క. వాటిని వద్దనుకోవడం పిసినారితనంగా కనిపించకుండా, దీవి గాలికీ సముద్రపు చప్పుడుకూ చోటివ్వడంగా కనిపించేలా చేయడంలో ఆ సంస్థ నేర్పు ఉంది. తర్వాత తేక్కడిలో గడ్డి కప్పు కుటీరాలతో స్పైస్ విలేజ్‌ను, 1993లో కుమరకంలో కోకొనట్ లగూన్‌ను తెరిచింది. దీనికోసం శిథిలమవుతున్న పాత కొయ్య ఇళ్లను కొని, విడదీసి తెచ్చి, సంప్రదాయ వడ్రంగుల చేత మళ్లీ నిలబెట్టించారు. కోకొనట్ లగూన్‌కు అతిథులు పడవలో చేరుకుంటారు. ఫలక్‌నుమా బగ్గీ చేసే పనినే ఇక్కడ పడవ చేస్తుంది, అదీ నటన అనిపించకుండా, ఎందుకంటే ఆ ఊళ్లలో పడవ ప్రయాణం మామూలు సంగతే. స్పైస్ విలేజ్‌లో యాభై మైళ్ల పరిధిలో దొరికే పదార్థాలతోనే వండే భోజనశాల కూడా నడిపారు. అలాంటి నియమం పెట్టుకున్న వంటవాడు కొన్నిరోజులు కొన్ని వంటలు లేవని చెప్పవలసి వస్తుంది. లేదని చెప్పగలిగిన వంటశాలకే ఒక రుచి ఏర్పడుతుంది. పన్నీరు బటర్ మసాలా నుంచి హక్కా నూడుల్స్ దాకా రెండు వందల యాభై రకాలు రాసుకున్న మెనూకు సొంత రుచంటూ మిగలడం కష్టం.

చోటు, కట్టడం, వంట ఎంత బాగున్నా చివరికి అతిథికి ఎదురుపడేది ఒక మనిషి. స్కాండినేవియా విమాన సంస్థ ఎస్ఏఎస్‌కు 1981లో అధిపతి అయిన యాన్ కార్ల్‌జాన్ దీన్ని అంకెల్లో చెప్పాడు. ఏడాదిలో కోటిమంది ప్రయాణికులు, ఒక్కొక్కరికి సుమారు అయిదుగురు ఉద్యోగులు ఎదురవుతారు, ఒక్కో ఎదురుపాటు సగటున 15 సెకన్లు. అంటే ఏటా 5 కోట్ల సార్లు, పదిహేను సెకన్ల చొప్పున, ఆ సంస్థ ప్రయాణికుల మనసులో కొత్తగా తయారవుతుంది. ఆ క్షణాలను ఆయన సత్యక్షణాలు అన్నాడు. ఆ క్షణంలో అక్కడ అధిపతి ఉండడు, మేనేజరు ఉండడు. ఉండేది టికెట్టు కౌంటరు మనిషి, సామాను మోసే మనిషి, బల్ల తుడిచే మనిషి. వారికి నిర్ణయించే హక్కు లేకపోతే సంస్థకు ఆ పదిహేను సెకన్లలో నోరే లేనట్టు.

రిట్జ్-కార్ల్‌టన్ హోటళ్లు ఆ హక్కును డాలర్లలో నిర్ణయించాయి. అతిథి సమస్యను పరిష్కరించడానికి ఏ ఉద్యోగి అయినా, గది ఊడ్చే ఉద్యోగి సహా, పై అధికారిని అడగకుండా 2,000 డాలర్ల వరకు ఖర్చుపెట్టవచ్చన్నది అక్కడి ప్రసిద్ధ నియమం. ఆ మొత్తం చూసి ముచ్చటపడేవారు అసలు కీలకాన్ని వదిలేస్తారు. అంత సొమ్ము ఖర్చుపెట్టవలసిన సందర్భాలు ఎప్పుడో గానీ రావు. నియమం చెప్పేది సొమ్ము గురించి కాదు, నమ్మకం గురించి. తాము మర్యాదస్తులమనీ, మర్యాదస్తులకు సేవ చేస్తున్నామనీ ఆ సంస్థ పెట్టుకున్న నినాదం ఈ నియమం వల్లే ఉత్తమాటగా మిగల్లేదు. ప్రతి షిఫ్టుకు ముందు సిబ్బంది నిలబడి కాసేపు మాట్లాడుకునే ఆచారం కూడా అక్కడ ఉంది. మన హోటళ్లలోనూ బ్రీఫింగ్ ఉంటుంది. తేడా ఎక్కడంటే, చాలాచోట్ల ఆ సమయంలో గోళ్లు, బూట్లు, గడ్డం తనిఖీ చేసి, నిన్నటి తప్పులకు చీవాట్లు పెట్టి పంపిస్తారు. నిన్న ఒక స్టీవార్డు చక్కగా చేసిన పనిని ఆ అయిదు నిమిషాల్లో అందరికీ చెప్పి ఉంటే, తిట్టినదానికంటే ఎక్కువ నేర్పినట్టయ్యేది.

నమ్మకం ఎంత దూరం పోగలదో 2008 నవంబరు 26 రాత్రి ముంబై తాజ్ మహల్ ప్యాలెస్‌లో తెలిసింది. ఉగ్రవాదులు చొరబడిన ఆ హోటల్లో ఉద్యోగులు వెనకదారులు తెలిసినా పారిపోకుండా అతిథులను దాచారు, వంటశాలల గుండా బయటికి చేర్చారు, కొందరు తమ శరీరాలను అడ్డుపెట్టారు. పన్నెండు వందల నుంచి పదిహేను వందల మంది అతిథులు ప్రాణాలతో బయటపడటానికి తోడ్పడిన ఆ సిబ్బందిలో 11 మంది చనిపోయారు. అలా నిలబడమని వారికి ఎవరూ ఆదేశం ఇవ్వలేదు, ఇచ్చే నియమావళి కూడా ఏదీ లేదు. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కు చెందిన రోహిత్ దేశ్‌పాండే, అంజలి రైనా ఈ ప్రవర్తనకు మూలం ఎక్కడుందో వెతికి 2011లో రాశారు. వారికి కనిపించినవి మహానగరాల కంటే చిన్న పట్టణాల నుంచి యువతను ఎంచుకునే పద్ధతి, మార్కుల కంటే పెద్దల పట్ల గౌరవాన్నీ ఉల్లాస స్వభావాన్నీ చూడటం, మిగతా సంస్థలు ఏడాదిలో ముగించే శిక్షణను పద్దెనిమిది నెలలు ఇవ్వడం, సంస్థ ప్రయోజనానికీ అతిథి ప్రయోజనానికీ పోటీ వస్తే అతిథి వైపు నిలబడమని నేర్పడం. పర్యవేక్షణ లేనిచోట మనిషి తనంతట తానే సరిగా ప్రవర్తించాలన్న పట్టింపు ఈ ఏర్పాట్లన్నిటి వెనకా ఉంది. ఒక విషాదాన్ని నిర్వహణ పాఠంగా కుదించడం ఆ చనిపోయినవారికి న్యాయం చేయదు. అయినా వారు రోజూ ఎలాంటి పనిచోటు నుంచి వచ్చారన్న ప్రశ్న అడగకపోవడం కూడా న్యాయం కాదు.

మనుషులు మంచివారైతే చాలదు, వెనకటి ఏర్పాటు కూడా సరిగా ఉండాలి. 1984లో లిన్ షోస్టాక్ అనే అమెరికన్ నిర్వాహకురాలు, సేవలను కూడా భవనాల మాదిరి నక్షా గీసి చూడాలని ప్రతిపాదించింది. వీధి మూలన బూటు పాలిష్ చేసే పనిని ఉదాహరణగా తీసుకుని, కస్టమరుకు కనిపించే పనులకూ కనిపించని పనులకూ మధ్య ఒక గీత గీసింది. ఆ గీత హోటల్ పనిని అర్థం చేసుకోవడానికి చాలా ఉపయోగపడుతుంది. మధ్యాహ్నం పన్నెండుకు గది సిద్ధమని చెప్పిన హోటల్లో ఒంటిగంటన్నర దాకా కుటుంబాన్ని లాబీలో కూర్చోబెట్టారనుకుందాం. క్షమాపణ చెప్పేది ఫ్రంట్ ఆఫీసు అమ్మాయి, తిట్లు తినేదీ ఆమే. కారణం మాత్రం గీతకు అవతల ఉంది: దుప్పట్లు, గలేబులు ఒక మంచానికి కనీసం మూడు జతలు ఉండాలి, ఒకటి మంచం మీద, ఒకటి ఉతుకులో, ఒకటి అరలో. పెళ్లిళ్ల సీజనులో ఆ మూడోది లేకపోతే ఇస్త్రీ అయ్యేదాకా గది సిద్ధం కాదు. ఆ అమ్మాయికి చిరునవ్వు శిక్షణ ఎంత ఇచ్చినా లాభం లేదు. దుప్పట్ల కొనుగోలు కాగితం మీద సంతకం చేయని యజమానే ఆ లాబీలోని అసహనానికి కర్త.

చిరునవ్వు గురించి మరో మాట చెప్పుకోవాలి. 1983లో సమాజశాస్త్రవేత్త ఆర్లీ హోచ్‌షీల్డ్ విమానాల్లో పనిచేసే ఎయిర్ హోస్టెస్‌లను పరిశీలించి, జీతం కోసం మనసులోని భావాలను అదుపు చేసుకుంటూ, లేనివాటిని తెచ్చిపెట్టుకుంటూ ఉండటం కూడా శ్రమేనని, దానికి భావశ్రమ అని పేరు పెట్టింది. బరువు మోసినట్టే ఈ శ్రమా అలసట తెస్తుంది. పన్నెండు గంటల డ్యూటీ చేసి, ఎనిమిది మంది ఒకే గదిలో పడుకునే స్టాఫ్ క్వార్టర్సులో నిద్రపోయి, మర్నాడు మిగిలిన సాంబారు తిని వచ్చిన కుర్రవాడి నుంచి వెచ్చని పలకరింపు ఆశించడంలో న్యాయం లేదు, వ్యాపార వివేకమూ లేదు. ఒక హోటల్ గుర్తింపు ఏమిటో తెలుసుకోదలిస్తే లాబీ కంటే సిబ్బంది భోజనశాలను చూడటం మేలు. అక్కడి మజ్జిగ పలచనైతే పైన వడ్డించే ప్రేమ కూడా పలచనవుతుంది.

ఇక పంపించే తీరు. ఎక్కువ హోటళ్లు నిర్లక్ష్యం చేసే ఘట్టం ఇది. 1993లో మనస్తత్వ శాస్త్రవేత్త డేనియల్ కానెమన్, ఆయన సహచరులు ఒక చిన్న ప్రయోగం చేశారు. 14 డిగ్రీల చన్నీళ్లలో ఒక నిమిషం చేయి ముంచి ఉంచడం ఒకటి, అదే నిమిషం తర్వాత మరో 30 సెకన్లు ఉంచి ఆలోగా నీటిని ఒక డిగ్రీ మేర వెచ్చబరచడం రెండోది. మళ్లీ ఏది చేస్తారని అడిగితే ఎక్కువమంది రెండోదాన్నే ఎంచుకున్నారు. మొత్తం బాధ అందులోనే ఎక్కువైనా ముగింపు కొంచెం నయంగా ఉండటమే కారణం. జ్ఞాపకం నిమిషాలను కూడి లెక్కపెట్టదు, తారస్థాయినీ ముగింపునూ పట్టుకుంటుంది. ఇప్పుడు మామూలు హోటల్ బస ముగింపును గుర్తుచేసుకుంటే సరిపోతుంది. ఉదయం పదకొండు, బల్ల ముందు వరుస, గదికి ఫోన్ చేసి మినీబార్ తనిఖీ, తాగని నీళ్ల సీసాపై వాదన, బిల్లు చివర్న అడగని సర్వీస్ చార్జి. రెండు రోజుల మర్యాదను పది నిమిషాల అనుమానం తుడిచేస్తుంది. సర్వీస్ చార్జిని బిల్లులో తమంతట తాము కలపరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చింది, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించింది. చట్టం కోణం అలా ఉంచి అతిథి కోణంలో చూసినా, ఇష్టంతో ఇవ్వవలసిన దాన్ని బలవంతపు పద్దుగా మార్చిన హోటల్ తన కథలోని ఆఖరి వాక్యాన్ని చెడగొట్టుకున్నట్టే.

ముగింపు ప్రాముఖ్యం తెలియడానికి తెలుగు ఇళ్లకు ప్రయోగశాల అవసరం రాలేదు. పెరుగన్నం పడకుండా విస్తరి ముందు నుంచి లేవనివ్వరు. బయల్దేరే ఆడపడుచుకు బొట్టుపెట్టి, రవికెల గుడ్డ, పండు, తాంబూలం చేతిలో పెడతారు. వీధి మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడతారు. సాగనంపడం అనే ఒక్క మాటలో ఇంత క్రియ ఉంది. కాకినాడలో సుబ్బయ్య హోటల్‌గా జనం పిలుచుకునే భోజన హోటల్ పేరు ఊరు దాటి వ్యాపించడంలో కొసరి కొసరి వడ్డించే పద్ధతికి ఎంత పాత్ర ఉందో, పదార్థాలన్నీ సర్ది చేతికిచ్చే బుట్ట భోజనానికీ అంతే ఉంది. తిన్నది అరిగిపోయినా బుట్ట ఇంట్లో ఉంటుంది.

తెలుగు నేల మీద ఇలాంటి సరుకు ఇంకా చాలా ఉంది, ఎక్కువభాగం వాడుకోకుండా పడివుంది. అరకు లోయ అరబికా కాఫీకి 2019లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. గిరిజన రైతులు పండించిన ఆ గింజలతో 2017లో పారిస్‌లో దుకాణం కూడా తెరిచారు. ఆ లోయలోనే ఒక హోటల్ గదిలో ఇన్‌స్టంట్ కాఫీ పొట్లం, పాలపొడి పొట్లం పెట్టి ఉంటే, కిటికీలోంచి కనిపించే కొండకూ ఆ గదికీ సంబంధం తెగిపోయినట్టే. పొద్దున్నే తోటలో పండు తెంపడం చూసి, ముందే తొక్క వలిచి ఎండబెట్టి ఉంచిన గింజలను వేయించి, దంచి, వడపోసిన కప్పును ఆ పని చేసిన రైతు చేత్తోనే అందుకునే గంటసేపటికి మించిన అలంకరణ అక్కడ అక్కరలేదు. అయితే ఆ గంటకు రైతుకు ఎంత ముడుతుందో ముందే రాసుకోవాలి, ఆ రైతును బొమ్మలా నిలబెట్టి ఫొటోలు తీసి పంపించడం ఆతిథ్యం కిందికి రాదు.

పోచంపల్లి సంగతీ అంతే. 2021లో ఐక్యరాజ్యసమితి పర్యాటక సంస్థ ఉత్తమ పర్యాటక గ్రామాల్లో ఒకటిగా దాన్ని ఎంపిక చేసింది. హైదరాబాద్ నుంచి గంటన్నర దారిలో ఉన్న ఊరు కాబట్టి చాలామంది మధ్యాహ్నం వచ్చి, చీర కొని, సాయంత్రానికి వెళ్లిపోతారు. ఒక రాత్రి ఉంటేనే తెలిసే సంగతులు అక్కడ ఉన్నాయి: నూలుకు ముడులు వేసి రంగులో ముంచే చిటికి పని, రంగు ఆరేదాకా చేసే ఎదురుచూపు, తెల్లవారకముందే మొదలయ్యే మగ్గం చప్పుడు. ఆ చప్పుడుకు నిద్రలేవడాన్ని ఫిర్యాదుగా కాక వచ్చిన పనిగా భావించే అతిథులెవరో గుర్తించి, వారికోసమే రెండు గదులు తీర్చి, మగ్గానికి సెలవు ఉన్న రోజున గదులకూ సెలవు ప్రకటించగల నేత కుటుంబం ఒకటి ముందుకొస్తే, దానికి బోర్డు మీద రాసే పేరు కోసం బయట వెతుక్కోవలసిన పని ఉండదు. ఓరుగల్లులో మాదిరే ఆ ఇంటి పేరు సరిపోతుంది.